పండగ కాదు, పుట్టినరోజు కాదు: మామూలు రోజుల్లో పిల్లలకు బొమ్మలు ఎంత తరచుగా కొనాలి?

పుట్టినరోజుకు బొమ్మ కొనాలా వద్దా అని ఏ ఇంట్లోనూ పెద్దగా చర్చ ఉండదు. సంక్రాంతికి, దసరాకి, ఊళ్ళో తిరునాళ్ళకి కూడా అంతే. చిక్కంతా మామూలు రోజులతోనే. మంగళవారం సాయంత్రం పాల ప్యాకెట్ కోసం వెళ్ళి కారు బొమ్మతో తిరిగొస్తాం. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లో ఉల్లిపాయలతో పాటు స్లైమ్ డబ్బా కూడా వచ్చేస్తుంది. అమ్మమ్మ వచ్చిన ప్రతిసారీ సంచిలోంచి ఏదో ఒకటి బయటపడుతుంది. నెల తిరిగేసరికి ఎన్ని వచ్చాయో మనకే గుర్తుండదు.

మా పాపకు నాలుగేళ్ళప్పుడు నేను రాత్రి ఎనిమిదిన్నరకు గానీ ఇల్లు చేరేవాణ్ణి కాదు. ఆలస్యమైన రోజు దారిలో ఆగి చిన్న బొమ్మ ఏదో ఒకటి కొనేవాణ్ణి. కొన్నాళ్ళకి తలుపు తీయగానే పాప నా ముఖం చూడడం మానేసి చేతులు చూడడం మొదలుపెట్టింది. "నాన్నా, ఏం తెచ్చావ్?" ఏమీ తేలేదంటే ఏడుపు. తప్పు పాపది కాదని, అలా నేర్పింది నేనేనని ఆ ఏడుపు చూశాకే తెలిసింది. ఆ తర్వాత మా ఇంట్లో మెల్లగా అలవాటు చేసుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. బొమ్మలు మానేయమని ఇందులో ఎక్కడా లేదు. మామూలు రోజున కూడా కొనండి. కాకపోతే ఎప్పుడు కొనాలన్నది మీరు తీరిగ్గా కూర్చుని ముందే అనుకోండి. షాపులో ఏడుపుకో, మనసులో గుచ్చుకునే బాధకో, ఫోన్‌లో కనిపించే ఆఫర్‌కో ఆ నిర్ణయం వదిలేయకండి.

1. దుప్పటి పరిచి అన్నీ ఒకచోట పోయండి

ఒక ఆదివారం పొద్దున హాల్లో పాత దుప్పటి పరవండి. మంచం కింద, సోఫా వెనక, బాల్కనీలో, బీరువా పైన ఉన్న బొమ్మలన్నీ తెచ్చి దాని మీద పోయండి. పిల్లలు పక్కనే ఉంటారు కాబట్టి "ఇన్ని పెట్టుకుని ఇంకా కావాలంటావా" అని దెప్పకండి. ఈ లెక్క మన కోసం.

ఈ పదిహేను రోజుల్లో ఆడినవి ఒక కుప్ప, అసలు ముట్టనివి ఇంకో కుప్ప, విరిగినవి, ముక్కలు పోయినవి మూడో కుప్పగా వేరు చేయండి. తర్వాత ఒక్కో బొమ్మ ఇంట్లోకి ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. పుట్టినరోజుకా, చుట్టాలు తెచ్చారా, రిటర్న్ గిఫ్టా, చాక్లెట్‌తో పాటు వచ్చిందా, షాపులో మారాం చేస్తే కొన్నామా, మనకే ముచ్చటేసి కొన్నామా? మా ఇంట్లో ముట్టని కుప్పలో ఎక్కువ భాగం ఏడుపు ఆపడానికి కొన్నవే తేలాయి. ఆడే కుప్పలో ఉన్నవి ఒక బంతి, లక్కపిడతలు, చెక్క దిమ్మలు, వంటింట్లోంచి వచ్చిన రెండు స్టీలు గిన్నెలు. మీ ఇంట్లో లెక్క వేరుగా ఉండొచ్చు. ఏదైనా సరే, అది చూశాకే ముందుకు వెళ్ళండి.

2. సగం అటక మీద పెట్టండి

ఎక్కువ ఉంటే ఎక్కువ ఆడతారని అనుకుంటాం. అమెరికాలో టొలెడో విశ్వవిద్యాలయం వాళ్ళు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ వయసున్న 36 మంది పిల్లలను ఒకసారి 4 బొమ్మలతో, ఇంకోసారి 16 బొమ్మలతో ఆడనిచ్చి చూశారు. 2018లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. పదహారు ఉన్నప్పుడు ఒకదాన్ని వదిలి ఇంకోదాని మీదకు పోయారు.

కాబట్టి బాగున్న బొమ్మల్లో సగం ఒక అట్టపెట్టెలో సర్ది అటక ఎక్కించండి. మూడు నాలుగు వారాల తర్వాత దించి, కింద ఉన్నవాటిలో కొన్ని పైకి పంపండి. నెల రోజులు కంటికి కనపడని బొమ్మ మళ్ళీ చేతికొస్తే పిల్లలకు అది దాదాపు కొత్తదే. పిల్లలు ప్రాణంగా చూసుకునే బొమ్మ ఒకటి ఉంటుంది, పక్కలో పెట్టుకుని పడుకునేది. దాన్ని మాత్రం ఎప్పుడూ పైన పెట్టకండి, ఎంత మాసిపోయినా సరే.

విరిగినవాటిలో బాగుచేయగలిగినవి పిల్లల ముందే బాగుచేయండి. ఒక చిన్న స్క్రూడ్రైవరు, ఫెవికాల్ డబ్బా చాలు.

3. కొనే రోజు ముందే పెట్టుకోండి

అన్ని ఇళ్ళకూ సరిపోయే అంకె ఏదీ లేదు. మా ఇంట్లో, మా తమ్ముడి ఇంట్లో కుదిరిన లెక్క చెప్తాను, మీకు తగ్గట్టు మార్చుకోండి.

రెండేళ్ళలోపు పిల్లలు అడగరు, మనమే కొంటాం. కూర్చోవడం, పాకడం, నిలబడడం, నడవడం లాంటి కొత్త పని మొదలైనప్పుడు ఒక్కొక్కటి కొంటే సరిపోతుంది. మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకు రెండు నెలలకు ఒకటి. ఆరు దాటినవాళ్ళకు మూడు నెలలకు ఒకటి, అది కాస్త మంచిది, ఎక్కువ కాలం ఆడేది. పుట్టినరోజు, పండగ బొమ్మలు దీనికి అదనం. పుస్తకాలు, రంగు పెన్సిళ్ళు, పగిలిపోయిన బంతికి బదులు బంతి, షటిల్ కాక్‌లు ఈ లెక్కలోకి రావు. అవి ఇంటి సరుకుల కిందే జమ.

జీతం పడ్డాక వచ్చే మొదటి ఆదివారం మంచి రోజు. దాన్ని గోడ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టండి. నాలుగేళ్ళ పిల్లలకు రెండు నెలలంటే ఏమిటో తెలియదు, కానీ రోజూ ఒక గడి కొట్టేయడం బాగా తెలుసు. ఎంత డబ్బు పెట్టాలో కూడా ముందే అనుకోండి. జూన్‌లో స్కూలు ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ నెల వీలుకాకపోతే "ఈసారి డబ్బులు ఫీజుకు కావాలి కన్నా, జూలైలో కొందాం" అని ఉన్నమాట చెప్పండి. ఆరేళ్ళ పిల్లలు మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు. అప్పు చేసో, క్రెడిట్ కార్డు వాయిదాల మీదో బొమ్మ కొనాల్సిన అవసరం ఏ రోజూ లేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. రోజు పెట్టాక దాన్ని శిక్షగానో లంచంగానో వాడకండి. మార్కులు తగ్గాయని రద్దు చేయొద్దు, అన్నం తింటే ముందే కొంటానని ఆశ పెట్టొద్దు. ఒకసారి అన్నానికి బొమ్మ ముడిపెడితే మర్నాడు పప్పన్నం కూడా బేరం అవుతుంది. అంతకంటే నష్టం ఇంకొకటి ఉంది. నాన్న చెప్పిన రోజు నిజంగా వస్తుందన్న నమ్మకం మీదే పిల్లలు ఆగడం నేర్చుకుంటారు. ఆ నమ్మకం రెండుసార్లు పోతే మూడోసారి షాపులోనే ఏడుస్తారు, ఇక్కడ ఏడిస్తేనే దక్కుతుందని తెలుసు కాబట్టి.

4. అడిగిన ప్రతిదీ కాగితం మీద రాయండి

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. పిల్లలు ఏదడిగినా "వద్దు" అనే ముందు "రాద్దాం పట్టు" అనండి. రాయడం రానివాళ్ళయితే బొమ్మ గీయనివ్వండి. పక్కన తేదీ వేయండి. షాపులో కనపడిందైతే ఫోన్‌లో ఫొటో తీసి ఇంటికొచ్చాక రాయండి. అడిగినదాన్ని ఎవరో విన్నారు, దాచిపెట్టారు అన్న ధైర్యంతోనే సగం పేచీ తగ్గిపోతుంది.

కొనే ఆదివారానికి ముందు రోజు రాత్రి ఆ కాగితం పట్టుకుని కూర్చుని ఒక్కొక్కటీ చదివి "ఇది ఇంకా కావాలా?" అని అడగండి. మా పాప ఒకసారి పదకొండు రాయించింది. నెలన్నర తర్వాత చదివితే ఏడు తనే కొట్టేసింది. రెండింటి గురించి "ఇదేంటి?" అని నన్నే అడిగింది. మిగిలిన నాలుగింట్లో మూడుసార్లు రాయించినది ఒకటుంది, చెక్కతో చేసిన రైలు. అది కొన్నాం. ఇప్పటికీ ఆడుతుంది.

5. షాపు మాట ఇంటి గడపలోనే తేల్చండి

షాపులోకి అడుగుపెట్టాక చెప్పే మాట పనిచేయదు. చెప్పులు వేసుకునేటప్పుడే చెప్పండి: "ఇవాళ బియ్యం, సబ్బులు, అమ్మకి మందులు. బొమ్మ కొనే రోజు కాదు. బొమ్మల వైపు వెళ్ళి చూద్దాం, నచ్చినవి రాసుకుందాం." తర్వాత ఆ మాట పిల్లల నోటితో మళ్ళీ చెప్పించండి. వాళ్ళకు ఒక పని కూడా ఇవ్వండి. చిట్టీ పట్టుకోవడం, టమాటాలు ఏరడం, ట్రాలీ తోయడం, ఏదైనా సరే.

అయినా ఒక రోజు నేల మీద పడి దొర్లుతారు. బిల్లింగ్ దగ్గర క్యూలో పదిమంది మనవైపే చూస్తుంటారు. ఒంటికి చెమటలు పడతాయి. ఆ టెన్షన్‌లో చాలామంది చేసే పని కొనేయడం, లేదా చెయ్యి చేసుకోవడం. రెండూ వద్దు. ట్రాలీ అక్కడే వదిలేసి పిల్లను ఎత్తుకుని బయటకు రండి. మెట్ల మీద కూర్చోండి. నీతులు చెప్పొద్దు, బేరాలు వద్దు. "నీకు అది చాలా నచ్చింది. ఇవాళ కొనట్లేదు. కోపం వచ్చింది, తెలుసు" అని ఒకసారి చెప్పి పక్కన ఉండండి. ఐదు నిమిషాలు పట్టొచ్చు, ఇరవై పట్టొచ్చు. ఏడుపు తగ్గాక లోపలికెళ్ళి సరుకులు తీసుకోండి. వీలుకాకపోతే ఆ రోజు సరుకులు లేకుండానే ఇంటికి రండి. నేను రెండుసార్లు అలాగే వచ్చాను. మూడోసారి ఆ అవసరం రాలేదు.

అబద్ధాలు మాత్రం చెప్పకండి. "రేపు కొంటా" అని కొనకపోవడం, "షాపతను అమ్మడట" అనడం, "పోలీసు వస్తాడు" అని భయపెట్టడం ఆ క్షణానికి నోరు మూయిస్తాయి. ఆ తర్వాత మనం నిజం చెప్పినా వాళ్ళు నమ్మరు.

తిరునాళ్ళు, జాతరలు, హైదరాబాద్‌లో సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరిగే నాంపల్లి నుమాయిష్ లాంటి చోట్ల పద్ధతి వేరు. అక్కడ అడుగుకో బొమ్మల కొట్టు ఉంటుంది, ఊరికే చూసి రమ్మంటే పెద్దవాళ్ళవల్లే కాదు. ఐదేళ్ళు దాటిన పిల్లలకు వంద రూపాయలో రెండు వందలో చేతికిచ్చి "ఇది నీది, తిరిగి చూసి ఏది కావాలో నువ్వే కొనుక్కో" అనండి. తొలి కొట్లోనే ఖర్చు చేస్తే చేయనివ్వండి. ఆరో కొట్లో ఇంకేదో కనపడి బాధపడితే ఓదార్చండి, కొత్త నోటు తీయకండి.

6. అమ్మమ్మలు, తాతయ్యలు, మేనమామలతో మాట్లాడండి

ఇది అన్నిటికన్నా సున్నితమైన విషయం. మనవరాలికి ఏదో ఒకటి తేవడం పెద్దవాళ్ళ ప్రేమ. వట్టి చేతులతో వెళ్ళకూడదన్నది వాళ్ళు చిన్నప్పటి నుంచీ పాటించిన మర్యాద. "ఇక తేవద్దు" అంటే చిన్నబుచ్చుకుంటారు, న్యాయమే. అందుకే ఆపే ప్రయత్నం చేయకుండా దారి చూపండి. ముందు రోజు ఫోన్ చేసి మాట్లాడండి, పిల్లల ముందు కాదు.

మా అమ్మతో నేను అన్నది ఇది: "అమ్మా, నువ్వు తెచ్చే బొమ్మ కంటే నీ చేతి సున్నుండల కోసమే అది ఎదురుచూస్తోంది. వచ్చినప్పుడల్లా అవి తీసుకురా. బొమ్మ మాత్రం పండక్కి నువ్వే కొను, ఏది కావాలో దాని లిస్టులోంచి చెప్తాను." అమ్మ రెండుసార్లు మర్చిపోయి తెచ్చింది. ఏమీ అనలేదు, అటక మీది పెట్టెలో పెట్టాం. మూడోసారి సున్నుండలతో పాటు ఐదు గులకరాళ్ళు తెచ్చి మనవరాలికి అచ్చెనగాయలు నేర్పింది. అష్టాచెమ్మా, వామనగుంటలు, కొబ్బరాకు బూర, తాటికాయల బండి లాంటివి చేసి చూపించగల చేతులు ఇంట్లో ఉన్నప్పుడు వాడుకోకపోతే మనకే నష్టం. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, పాత కాగితాలతో బొమ్మలు చేయించి పిల్లలకు సైన్సు నేర్పిన అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మలు చేసే పద్ధతులన్నీ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తాతయ్యతో కలిసి వారానికొకటి ప్రయత్నించొచ్చు.

ఇంటికి దూరంగా పనిచేసే అమ్మానాన్నల సంగతి కొంచెం వేరు. గల్ఫ్‌లో ఉండి రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చే నాన్న పెట్టె నిండా బొమ్మలు తెస్తాడు. ఆయన్ని లెక్క అడగకండి. కాకపోతే అన్నీ ఒకే రాత్రి విప్పకుండా రెండు ఇప్పుడు ఇచ్చి, మిగతావి ఆయన తిరిగి వెళ్ళాక వీడియో కాల్‌లో ఆయన చూస్తుండగా నెలకొకటి తీయండి. నాన్న వెళ్ళిపోయాక కూడా నాన్న ఇస్తున్నట్టే ఉంటుంది. రోజూ ఆలస్యంగా వచ్చే నాలాంటి వాళ్ళు మాత్రం బొమ్మకు బదులు ఒక పావుగంట ఇవ్వండి. చెప్పులు విప్పగానే ఫోన్ పక్కన పడేసి నేల మీద కూర్చోవాలి. "ఏం తెచ్చావ్?" అని అడగడం మానడానికి మా ఇంట్లో మూడు వారాలు పట్టింది.

7. కొనేటప్పుడు ఇవి చూడండి

2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. డబ్బా మీద ఆ గుర్తు, ఏ వయసుకో, ఎవరు తయారుచేశారో వెతకండి. హస్తకళాకారులుగా నమోదైనవాళ్ళు చేసే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి ఏటికొప్పాక బొమ్మ మీద ఐఎస్ఐ లేకపోతే కంగారు పడకండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో చేసే ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజలు, బెరడు, వేళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగులను లక్కలో కలిపి పూయడాన్ని అక్కడ మళ్ళీ నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. లక్కపిడతలు, బొంగరాలు, గిలక్కాయలు, తాడు కట్టి లాగే బండ్లు చిన్నపిల్లలకు నిజంగా ఆడుకోవడానికి పనికొస్తాయి. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు ఎక్కువగా కొలువులో పెట్టి చూసుకునేవి. తేలికపాటి పొనికి కర్రతో చేస్తారు, కింద పడితే చేతులు, తలలు ఊడిపోతాయి. ఏడాది పిల్లల చేతికి వాటిని ఇవ్వకండి.

మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో చిన్న ముక్కలు ప్రమాదం. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో చిన్న ముక్కలను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పట్టేంత ముక్క గొంతులో అడ్డం పడొచ్చు. అక్క కోసం కొన్న బొమ్మే అయినా తమ్ముడు నోట్లో పెట్టుకుంటాడు కదా, ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళను లెక్కలో పెట్టుకుని కొనండి. నీళ్ళలో ఉబ్బే రంగు పూసలు, ఊడి వచ్చే చిన్న అయస్కాంతాలు అసలు కొనకండి.

లైట్లు వెలిగే చవక బొమ్మల్లో గుండ్రటి బటన్ బ్యాటరీలు ఉంటాయి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోవచ్చు. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మను షాపులోనే వదిలేయండి. మింగారని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, లేదా 108కి ఫోన్ చేయండి.

8. లెక్క పక్కన పెట్టాల్సిన రోజులు

జ్వరంతో వారం రోజులు ఆసుపత్రి మంచం మీద ఉన్న పిల్లకు క్యాలెండర్ చూపించకండి. ఇల్లు మారినప్పుడు, కొత్త ఊళ్ళో తొలిరోజు బడికి వెళ్ళొచ్చినప్పుడు, చెల్లో తమ్ముడో పుట్టినప్పుడు ఒక చిన్న బొమ్మ మనసుకు ఊరటనిస్తుంది. అలాగే ఏడాదికి ఒకటి రెండుసార్లు ఏ కారణమూ లేకుండా తెచ్చి ఇవ్వండి. అడిగిన రోజున, ఏడ్చిన మర్నాడు, మనం కోప్పడిన సాయంత్రం మాత్రం వద్దు.

9. కొనే ఆదివారం

పొద్దున్నే టిఫిన్ అయ్యాక వెళ్ళండి, నిద్రొచ్చే వేళ, ఆకలి వేళ కాదు. కాగితం పిల్లల చేతికివ్వండి. అనుకున్న డబ్బులో రెండు మూడు చూపించి ఎంచుకోనివ్వండి, ఆ ఎంపిక మీకు నచ్చకపోయినా. ఇంటికొచ్చాక డబ్బా విప్పి ప్లాస్టిక్ కవర్లు, వైర్లు, లోపలి చిన్న తెల్ల పొట్లం అన్నీ వెంటనే చెత్తబుట్టలో వేయండి. అట్టపెట్టె ఉంచండి, గ్యారేజీ అవుతుంది. కొత్తది వచ్చిన రోజే, బాగున్న పాత బొమ్మ ఒకటి ఎవరికిద్దామో పిల్లలనే అడగండి. ఇవ్వనంటే బలవంతం చేయకండి, వచ్చేసారి మళ్ళీ అడగొచ్చు. ఒక అరగంట వాళ్ళతో కలిసి ఆడండి. రాత్రి పడుకునే ముందు కాగితం మీద ఆ బొమ్మ పేరు వాళ్ళ చేతే కొట్టేయించి, క్యాలెండర్‌లో తర్వాతి ఆదివారాన్ని ఇద్దరూ కలిసి వెతికి ఎర్ర పెన్నుతో చుట్టండి.